సగం దారిలో తిరగాల్సిన నౌక

నేను ఒక జాయ్‌స్టిక్‌ని. కంప్యూటర్ ముందు బల్ల మీద కూర్చుని, ఆడేవాళ్ల చెయ్యి ఎటు వంచితే అటు వంగే నల్లటి ప్లాస్టిక్ పిడిని. నా పక్కన వేగం పెంచే చిన్న మీట ఉంది. దాన్ని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. పిడి అలా కాదు. లోపల స్ప్రింగు ఉంది కనుక, చెయ్యి తీయగానే నిటారుగా నిలబడుతుంది. నన్ను ఏ ఫ్యాక్టరీలో బిగించారో నాకు తెలియదు. పుట్టిన ఊరి గురించి గొప్పలు చెప్పుకోవడం మనుషుల అలవాటు. నాకు మాత్రం అట్టపెట్టెలో చీకటి తప్ప మరేమీ జ్ఞాపకం లేదు.

వెలుగు చూసింది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేమింగ్ సెంటర్‌లో. అక్కడికి వచ్చేవాళ్లు నాతో విమానాలు నడిపారు, యుద్ధాలు చేశారు. తెర మీద విమానం ఎడమకు తిరగాలంటే నన్ను వంచితే చాలు. వాళ్లు మాత్రం కుర్చీలోంచి పడిపోతారేమో అన్నంతగా తామూ ఎడమకు ఒరిగేవారు. విమానం కూలితే తప్పంతా నాదే. గెలిస్తే నా ఊసే ఉండేది కాదు. ఆ సెంటర్ మూతపడ్డాక సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాను అమ్మే కొట్టుకు చేరాను. అక్కడ నా దుమ్ము దులిపి, పిడిని నాలుగు వైపులా వంచి చూసి, "స్ప్రింగు మంచిగుంది" అంటూ కొనుక్కున్నవాడు కరుణాకర్.

కరుణాకర్ సెల్‌ఫోన్ ఆటలు చేసే ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. ఆఫీసులో రోజంతా రంగురంగుల మిఠాయిలు పేలే ఆటలు రాసి, సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని తన కోసం ఒక అంతరిక్ష నౌక ఆట రాసుకునేవాడు. రామంతాపూర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. భార్య సుభాషిణి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. గలగలా మాట్లాడే మనిషి. నవ్వితే పక్కవాటావాళ్లకూ వినబడేది.

ఒక ఆదివారం పొద్దున్న అతను ఆమెను నా ముందు కూర్చోబెట్టాడు. ఆమె మీటను తోసింది. నౌక చుక్కల మధ్యకు దూసుకుపోయింది. మీటను వెనక్కి లాగింది. నౌక టక్కున ఆగిపోయింది.

"ఇదేంది? ఆగింది?"

"ఇంజను బంద్ చేసినవ్ గదా."

"ఇంజను బంద్ చేస్తే ఆటో ఆగుతది. దానికి కింద రోడ్డుంది, ముందర గాలుంది. ఇక్కడేమున్నది? దీన్ని ఏది ఆపింది?"

"నేను ఆపిన," అన్నాడు కరుణాకర్ నవ్వుతూ. "ఆడేటోళ్లకు అట్లనే అలవాటు సుభా."

"అలవాటని తప్పు చూపిస్తవా? పిల్లలు రేపు నా క్లాసుకొచ్చి ఇదే రాస్తరు." ఆమె మీటను మళ్లీ చివరిదాకా తోసింది. నౌక రెప్పపాటులో పూర్తి వేగం అందుకుంది. "ఇంకోటి చూడు. ఇంత స్పీడు ఇంత తొందరగ అందుకుంటే లోపలున్నోళ్లు సీట్లకు అతుక్కొని పచ్చడైతరు. నేల మీద నిలబడితే మన బరువు మనకెంత తెలుస్తదో, సీటు వాళ్లను అంత బలంతోనే నెట్టాలె. అంతకు ఎన్నో రెట్లు నెడితే ప్రాణం ఆగదు."

కరుణాకర్‌కు కోపం వచ్చింది. కానీ సాయంత్రానికల్లా అతను ఆట విప్పి కూర్చున్నాడు. ఆమె పక్కకు కుర్చీ లాక్కుంది. వారాల తరబడి అదే పని. ఇంజను నెట్టినంతసేపూ నౌక వేగం నెమ్మదిగా పెరుగుతూ పోవాలి. ఇంజను ఆపితే అందుకున్న వేగంతోనే సాగిపోవాలి. ఇంధనం కాలినకొద్దీ నౌక తేలికవుతుంది కనుక, అదే ఇంజను దాన్ని మరింత జోరుగా నెట్టాలి. చేరాల్సిన చోట ఆగాలంటే మాత్రం దాదాపు సగం దారిలో నౌకను వెనక్కి తిప్పి, తోకను గమ్యం వైపు పెట్టి, మిగతా దూరమంతా ఇంజనుతో వేగాన్ని తగ్గించుకుంటూ రావాలి. దూరాలను కుదించినా, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి పోవడానికి రోజులు పట్టేది. కంప్యూటర్ నడుస్తూనే ఉండేది. వాళ్లు వంట చేసుకుంటూ, బట్టలు మడత పెట్టుకుంటూ వచ్చి చూసి పోయేవారు.

సుభాషిణి తన క్లాసు పిల్లలను ఇంటికి పిలిచింది. వాళ్ల కోసం కరుణాకర్ నిమిషాల్లో ముగిసే చిన్న ప్రయాణం ఒకటి ఆటలో పెట్టాడు. మొదటి రోజు ఒక్కరూ ఆగాల్సిన చోట ఆగలేదు. అందరూ గ్రహాన్ని దాటి దూసుకుపోయినవాళ్లే. "మేడమ్, బ్రేకేది?" అని గోల. "బ్రేకు లేదు నాయనా, ముందుచూపే!" అని ఆమె నవ్వు.

కరుణాకర్ నన్ను ఆఫీసుకు పట్టుకెళ్లి యజమానికి ఆట చూపిస్తే, ఆయన ఆ చిన్న ప్రయాణంలోనే రెండుసార్లు గ్రహాన్ని గుద్ది, మూడోసారి నన్ను వదిలేశాడు. "బొమ్మలు బాగున్నాయి కరుణాకర్. మీట వెనక్కి లాగంగనే ఆగేటట్టు చెయ్యి, కంపెనీ తరఫున తెద్దాం. ఇట్లయితే ఎవడూ ఆడడు." కరుణాకర్ ఆ మాట ఇంటికి మోసుకొచ్చాడు. సుభాషిణి మాత్రం, "ఆట నీది. నీ ఇష్టం," అంది. అతను మార్చలేదు. ఆట వాళ్లిద్దరికే మిగిలింది.

ఆమె చేతిలో ఏదో తేడా ఉందని ముందుగా తెలిసింది నాకే. బొటనవేలు మునుపటిలా పిడిని పట్టుకోవడం లేదు. తరువాత కాలేజీలో సుద్దముక్క జారిపోయింది. తరువాత చీర కుచ్చిళ్లు నిలబడలేదు. ఆసుపత్రుల చుట్టూ తిరిగాక చివరికి ఒక డాక్టరు సంగతి చెప్పాడట. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయి, బుద్ధికి ఏమీ కాదు, మందు లేదు. ఆ రోజు ఇంటికొచ్చి కరుణాకర్ బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఏడ్చాడు. ఆమె నా ముందు కూర్చుని ఎంతోసేపు నన్ను ముట్టుకోకుండా చూస్తూ ఉండిపోయింది.

కాలేజీ మానేసింది. పగలంతా ఆటే ఆమెకు తోడు. మీటను వేలితో కాస్త ముందుకు తోస్తే చాలు, నౌక సాగిపోయేది.

"చూసినవా," అంది ఒకనాడు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. "నీ పాత ఆటైతే... ఇంజను బందైనప్పుడల్లా ఆగేది, మళ్ల మళ్ల నూకాలె. నాతోని అయ్యేది కాదు. ఇదైతే ఒక్కసారి నూకితే... అదే పోతది."

చెయ్యి వణకడం మొదలయ్యాక నౌక అటూ ఇటూ ఊగిపోయేది. అది చూసి ఆమె కళ్లు తడిసేవి. కరుణాకర్ ఆటలో ఒక చిన్న మార్పు చేశాడు. పిడి కొంచెంగా కదిలితే లెక్కలోకి తీసుకోవద్దు, బాగా వంగితేనే నౌక తిరగాలి. ఆ రోజు నౌక వణకకుండా తిన్నగా పోయింది. ఆమె అతని చేతి మీద తల ఆనించింది.

ఎండాకాలం చివర్లో, ఆట మొత్తంలో అన్నిటికన్నా దూరంగా ఉన్న గ్రహానికి ఆమె బయలుదేరింది. ఇంధనం అక్కడికి పోయి ఆగడానికి సరిగ్గా సరిపోయేంతే. మీటను తనే తోసింది. ఇంజను మెల్లగా, ఆగకుండా నెడుతోంది. రోజులు గడుస్తున్నాయి. సగం దారి వచ్చేది ఒక మధ్యాహ్నం. కరుణాకర్ ఆమె చేతిని తీసి నా పిడి మీద పెట్టి, "జావ కలుపుకొస్త, నువ్వు తిప్పుతుండు," అని వంటింట్లోకి పోయాడు.

నౌకను తిప్పాల్సిన చోటు చూపే గుర్తు తెర మీదకు వచ్చింది. ఆమె నన్ను వంచింది. ఆ వేళ్లలో మిగిలిన బలమంతా నాకు తెలిసింది. భుజం నుంచి, మెడ నుంచి తెచ్చుకున్న బలం అది. నేను వంగాను. కానీ కొంచెమే. అంత చిన్న వంపును లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటర్‌కు చెప్పి ఉంది. నౌక తిరగలేదు. ఆమె ఊపిరి పీల్చుకుని మళ్లీ వంచింది. మళ్లీ అంతే. గుర్తు వెనక్కి జరిగిపోయింది. కేక వేస్తే కరుణాకర్‌కు వినబడేంత దూరమే. ఆమె వేయలేదు.

గిన్నెతో వచ్చినవాడు తెర చూసి నిలబడిపోయాడు.

"దాటిపోయింది గదా! పిలువొద్దా నన్ను?"

"నేనే... తిప్పాలనుకున్న."

"నేనిప్పుడు తిప్పుత."

"చాలదు. ఉన్న ఆయిల్... ఆగడానికి చాలదు."

"అయితే ప్రోగ్రాంల ఒక్క లైను రాస్త సుభా. ఎక్కడిదక్కడ ఆగుతది. వెనక్కి తెచ్చుకుందం."

ఆమె తల ఊపలేకపోయింది. కళ్లతో వద్దంది. "పోనీ," అంది. "దాన్ని... అట్లనే పోనీ."

కొన్ని రోజులకు ఇంధనం అయిపోయింది. నౌక ఆ గ్రహం పక్కనుంచే దాటి, అదే వేగంతో చీకట్లోకి సాగిపోయింది. వానలు పడుతుండగా సుభాషిణి పోయింది.

బంధువులంతా వచ్చి వెళ్లాక ఒక ఉదయం కరుణాకర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మూలన ఒక చుక్క, దాని పక్కన పెరుగుతూ పోయే దూరం. అది ఆమె నౌక. అతను ఇంకో నౌకను కట్టి దాని వెంట పంపాడు. దాన్ని అందుకోవాలంటే దానికన్నా వేగంగా పోవాలి. పక్కకు చేరాక దానితో సమానంగా తగ్గాలి. రెండింటినీ వెనక్కి తేవాలంటే ఆ వేగమంతా చంపుకుని మళ్లీ ఇటు వైపు కూడగట్టుకోవాలి. అంత ఇంధనం మోస్తే ఆ బరువుకే నౌక కదలదు. ఒకటి పంపాడు, ఇంకొకటి పంపాడు. అన్నీ ఆమె వెనకాలే తప్పిపోయాయి. ఆఫీసు మానేశాడు. నా పిడి మీద అతని చెమట ఆరేది కాదు. "ఎక్కడిదాక పోతవే," అని తెరతో మాట్లాడేవాడు.

ఒక పగలు నన్ను పక్కకు జరిపి, కీబోర్డు దగ్గరకు లాక్కుని, ఆమె వద్దన్న ఆ ఒక్క లైను రాశాడు.

ఆమె నౌక ఆగిపోయింది. ఏ గ్రహమూ లేని చోట, ఏ కారణమూ లేకుండా. అతను తన నౌకను దాని పక్కకు తెచ్చి లోపలికి వెళ్లాడు. ఖాళీ సీటు. తనే ఒకప్పుడు గీసిన బొమ్మ. అద్దంలోంచి కనిపించే చుక్కలు కూడా తను వేసినవే. అతను ఎంతసేపు చూశాడో! ఇంకేదో కనిపిస్తుందని అనుకున్నాడు కాబోలు.

తరువాత ఉలిక్కిపడినట్టు లేచి, రాసిన లైను చెరిపేశాడు. నౌక కదలలేదు. ఎలా కదులుతుంది? ఎవరూ నెట్టనిది ఉన్నచోటనే ఉంటుంది. అది కూడా ఆమె నేర్పిన పాఠమే. ఏదో ఒక వేగం వేసి మళ్లీ సాగనంపవచ్చు. కానీ ఆ అంకె అతనిది అవుతుంది. ఆమె వేలు తోసిన వేగం ఎక్కడా మిగల్లేదు.

"నేనే ఆపిన," అన్నాడు కరుణాకర్. "నేనే ఆపిన సుభా." బల్ల మీద తల పెట్టుకుని, నల్లా చప్పుడు చాటు కూడా లేకుండా ఏడ్చాడు.

ఇల్లు ఖాళీ చేసేనాడు నా తీగను నాకే చుట్టి, చెత్త ఆటో తెచ్చే బాలమణి చేతికి ఇచ్చాడు. ఆమె నన్ను అటూ ఇటూ వంచి చూసింది.

"మంచిగనే ఉన్నది గద సారూ. ఎందుకు పారేస్తున్రు? ఇంట్ల ఆడేటోళ్లు లేరా?"

"నా భార్య ఆడేది," అన్నాడు. గుమ్మం వైపు తిరుగుతూ, "లేదమ్మా ఇప్పుడు," అన్నాడు. బాలమణి నన్ను చెత్తలో వేయకుండా ముందు సీటు కింద పెట్టింది.

పాత సామాను కొట్టులో రాగి కోసం నా తీగ కోసేశారు. నన్ను ఒక మూలకు విసిరారు. పైన మిక్సీలు, విరిగిన ఫ్యాన్లు వచ్చి పడ్డాయి. కొన్నాళ్లకు ఆ కొట్టులో కరుణాకర్ గొంతు వినిపించింది. నన్ను వెతుక్కుంటూ బాలమణిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ చేతులతో కుప్ప కదిలించారు. నాలాంటిదే ఇంకొకటి దొరికితే అతను తీసి, పిడి వంచి, వదిలి చూశాడు.

"ఇది కాదు."

"ఇంకింత కిందికి చూద్దమా సారూ?"

ఒక మిక్సీ కదిలింది. సన్నగా వెలుగు నా మీద పడింది. కొట్టువాడు ఎవరినో కేకేస్తున్నాడు, లారీ వచ్చిందని, అడ్డం లేవమని.

"వద్దులే అమ్మా," అన్నాడు కరుణాకర్. "చేతులు కోసుకుపోతయి. పోదాం పా."