నౌయా వెనక కాలు

ఉత్తరపు కొస వెతుకుతూ మేం చేసిన ప్రయాణం గురించి కెప్టెన్ థోర్సెన్ రాసిన పుస్తకాన్ని బడి పంతులమ్మ నాకు చదివి వినిపించింది. ఎంత లావు పుస్తకమో తల్లీ! చలి ఎంత, గాలి ఎంత, ఏ కొండకి ఏ రాజు పేరు పెట్టారు, అన్నీ రాశాడు. నౌయా గురించి మాత్రం రెండే ముక్కలు. "ఒక కుక్క తిరిగి వచ్చింది. దాన్ని చంపేశారు." చంపేశారట! ఎవరు చంపించారో రాయడానికి ఆయనకి మనసొప్పలేదు, మంచివాడు. చంపించింది నేను.

దాన్ని పెంచిందీ నేనే. కళ్ళు తెరవకముందే దాని తల్లి చచ్చిపోతే, బిడ్డల్ని మోసే నా కోటు టోపీలో వేసుకుని తిరిగాను. నాకు పిల్లల్లేరు, ఆ టోపీ ఎప్పుడూ ఖాళీయే.

"నీ కూతురు నా బూటు నమిలేసిందే," అని మా ఆయన సోర్కాక్ దెప్పేవాడు.

"తండ్రి పోలిక. తిండి తప్ప వేరే ధ్యాస ఉందా?" అనేదాన్ని.

పెద్దయ్యాక మంచు మీద కుక్కలు లాగే మా బండికి అదే ముందు కుక్క అయింది, దారి చూపేది.

మా వాళ్ళు కుట్టే మనిషి లేకుండా దూర ప్రయాణం కట్టరు. బూటు చిరిగితే కాలు పోతుంది. అందుకే కెప్టెన్ వెంట మా ఆయనా, బావా వెళ్తుంటే నేనూ వెళ్ళాను. చివరి మజిలీలో మంచు మీది వెలుగుకి కెప్టెన్ కళ్ళు దెబ్బతిన్నాయి. ఆయన గుడారంలో ఉండిపోయి, తన మనిషి నిల్స్‌నీ, మా ఆయన్నీ తొమ్మిది కుక్కలతో ముందుకు పంపాడు. పది రోజుల్లో వచ్చేస్తామన్నారు.

బయల్దేరేటప్పుడు మా ఆయనకి మేం వేటాడే సీలు జంతువు తోలుతో కుట్టిన కొత్త చేతి తొడుగులిచ్చాను. నా కుట్టు చివర ఒక అడ్డ కుట్టు ఉంటుంది, మా అమ్మ నేర్పింది.

"ఇంత దగ్గరగా కుట్టావేమే? దోమ కూడా దూరదు."

"చేతులు పోగొట్టుకుని వస్తే నాకు వేట ఎవడు తెస్తాడు? పో, పో."

అవే ఆఖరి మాటలు. కాస్త మంచిగా మాట్లాడి ఉంటే నా సొమ్మేం పోయేది!

పది రోజులు పోయాయి. ఇరవై పోయాయి. ఇరవై రెండో నాడు పొద్దున్నే నౌయా వచ్చింది. ఒక్కతే. కుంటుతోంది. వెనక కాలికి పిడికిలంత మంచుగడ్డ అంటుకుని ఉంది. కానీ డొక్కలు ఎండలేదు. ఆ తెల్లటి ఎడారిలో ఇన్నాళ్ళున్న కుక్క చిక్కిపోలేదు.

మా బావ మిటెక్, అంటే మా ఆయన అన్న, దాని పక్కటెముకలు తడిమి చూశాడు. "ఇనాలూ, ఇది దేన్నో తిని బతికింది," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

మనిషిని తిన్న కుక్కని మా వాళ్ళు ఒక్క పూట కూడా ఉంచరు. అది అందరికీ తెలిసిందే.

కెప్టెన్ కళ్ళకి గుడ్డ కట్టుకునే బయటికి వచ్చాడు. "ఆగండి. దారి తెలిసింది దానికొక్కదానికే కదా! దాని వెనకే వెళ్దాం."

"అది తిన్నది నీ పెళ్ళాన్నయితే తెలిసేది దొరా నీకు!" అని అరిచాను.

నౌయా నా కోటు అంచు పళ్ళతో పట్టి లాగింది. నాలుగడుగులు ఉత్తరంగా పోయింది, మళ్ళీ వచ్చి లాగింది. సిగ్గు లేకుండా నన్ను పట్టుకుంటోంది చూడు అనుకున్నాను. నా బుద్ధి మండిపోను!

"కూర్చో," అన్నాను. కూర్చుంది. బావ తుపాకి పేల్చాడు.

తోలు పారెయ్యం కదా. నేనే ఒలవడానికి కూర్చున్నాను. కాలి గడ్డ కరగడానికి దీపం దగ్గర పెట్టాను. మంచు జారింది. లోపల సీలు తోలు. కుక్క పాదానికి సరిపడా కత్తిరించి, తాడుతో బిగించి కట్టిన తొడుగు. గట్టి మంచు మీద పాదం కోసుకుపోకుండా కడతాం అలా. తిప్పి చూశాను. చివర నా అడ్డ కుట్టు.

ఏం అరిచానో నాకు తెలీదు. కెప్టెన్ పరిగెత్తుకొచ్చి గుడారం గుంజకి కొట్టుకున్నాడు. బతికే ఉన్నాడు మా ఆయన! తన తొడుగు కోసి దానికి తొడిగి, నా దగ్గరికి పంపాడు.

బావ ఆ గడియే బండి కట్టాడు, నేనూ ఎక్కాను. కానీ ఆ రాత్రే మంచు తుఫాను కొట్టింది, నౌయా అడుగుజాడ ఒక్కటీ మిగల్లేదు. పన్నెండు రోజులు తిరిగాం. గొంతు పోయేదాకా పిలిచాను. నౌయా ఉంటే తిన్నగా పోయేవాళ్ళం.

మరుసటి వేసవిలో ఇద్దరూ దొరికారు, గుడారానికి నాలుగు రోజుల దూరంలో, రాళ్ళు పేర్చుకున్న గూట్లో. నిల్స్ విరిగిన కాలికి బండి చెక్క కట్టి ఉంది. అతన్ని వదిలి రాలేక మా ఆయన అక్కడే ఉండిపోయాడు. ఎనిమిది కుక్కల ఎముకలున్నాయి. వాటిని కోసి తాము తిని, నౌయాకీ కడుపునిండా పెట్టారు. తొమ్మిదో దాన్నీ తినుంటే ఇంకొన్నాళ్ళు బతికేవాళ్ళు. తినకుండా పంపారు.

సోర్కాక్ గూటి వాకిట్లో కూర్చునే గడ్డకట్టి ఉన్నాడు, మా గుడారం వైపు తిరిగి. ఎడమ చేతికి తొడుగు లేదు. ఆ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, మేం వస్తున్నామేమోనని చూస్తూ ఉన్నాడు.