రంగు దిగని పేజీ

బట్టల కొట్టు నడిపేవాడికి లోకంలో ప్రతిదీ సరుకులాగే కనిపిస్తుంది. ఆ పొద్దున కౌంటరు మీద గుడ్డ ముక్కలు కుట్టిన పుస్తకం కనబడగానే, కంపెనీవాడు కొత్త నమూనాలు పంపాడనుకున్నాను. కర్టెన్ల గుడ్డ కోసం వచ్చిన దర్జీ చెల్లెమ్మ చేతిలో పెట్టి, తీరిగ్గా చూసుకోమని పంపేశాను. పాత ఖాతాదారును నిలబెట్టి మాట్లాడితే బేరం చల్లారిపోతుంది.

మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చి కొట్టంతా తిరగేసింది.

"నాన్నా, ఇక్కడ పెట్టిన నా పుస్తకం ఏది?"

"ఏ పుస్తకమే? ఇక్కడ నమూనాల పుస్తకం తప్ప..."

కర్టెన్ల కోసం దర్జీకిచ్చిన సంగతి చెప్పాను. దాని మొహం పాలిపోయింది.

అది చిత్రకళ కాలేజీలో చదువుతోంది. అక్కడి లైబ్రరీలో ఒక ప్రత్యేకమైన గది ఉంది. జిరాక్సు తీసి, మడిచి, స్టేపుల్ కొట్టిన చిట్టి పత్రికలు, కళాకారులు చేత్తో చేసిన పుస్తకాలు అందులో దాస్తారు. అగ్గిపెట్టెలో పట్టేది ఒకటి, విప్పితే గదంతా పరుచుకునేది ఇంకొకటి. విద్యార్థుల్లో ఏడాదికి ఒక్కరి పుస్తకానికే అక్కడ చోటు. ఈసారి మా అమ్మాయిని తెమ్మన్నారు. ఆ సాయంత్రమే గడువు.

పుస్తకంలో అక్షరం లేదు. పేజీకొక మనిషి. మా అమ్మ దిండు గలీబు, మా ఆవిడ వంటింటి ఏప్రన్, మావాడి బడి చొక్కా జేబు. చివర నేను, అంటే కొట్లో సరుకు మీద కప్పే ముతక గుడ్డ.

"ఏడాది కష్టం నాన్నా! కర్టెన్లకి ఇచ్చేశావా?"

చెడిన బేరాలు చాలా చూశాను గానీ, కూతురి కంట్లో నీళ్లంత నష్టం ఎప్పుడూ చూడలేదు. షట్టరు దించి పరుగెత్తాం.

దర్జీ చెల్లెమ్మ మిషను ఆపి, నవ్వుతూ పుస్తకం అందించింది.

"మంచి సరుకు అన్నయ్యా! ఏది దేనికి పనికొస్తుందో రాసిపెట్టా. ఈ పూల గుడ్డ మాత్రం తానుకి తాను నాకే కావాలి."

"అది మా అమ్మ దిండు గలీబు తల్లీ!"

"అయ్యయ్యో!"

ప్రతి పేజీ మీదా సుద్దతో రాతలు. దులిపితే మరకవుతుంది, గడువేమో తరుముకొస్తోంది. "చేసింది నేనే కదా, నేనూ వస్తా" అని ఆమె కూడా మా వెంట బయల్దేరింది.

లైబ్రేరియన్ మేడమ్ కళ్లజోడు సర్దుకుని పుస్తకం తెరిచింది.

"ఈ రాతలు నీవేనా?"

మేడమ్ వెనకనుంచి 'అవునను' అని కళ్లతో సైగ చేశాను. వింటేగా!

"కాదు మేడమ్. నాన్న దీన్ని కొట్టు నమూనాలనుకుని మా దర్జీ అత్తకి ఇచ్చేశాడు. రాతలు అత్తవి."

చేతికందిన బేరాన్ని ఒక్క నిజంతో తన్నేసింది. మేడమ్ దిండు గలీబు పేజీ నుంచి వరసగా బయటికి చదవసాగింది.

"'మెత్తన. ఉతికేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది.' 'దీనికి లోపల అస్తరు గుడ్డ అక్కర్లేదు, తనంతట తనే నిలబడుతుంది.' 'సాగే రకం. కొలతకి లొంగదు.' 'ముతక. ఒంటికి గుచ్చుకుంటుంది. కానీ రంగు దిగదు.'"

మా అమ్మాయి ముందు నవ్వాపుకోడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత పొట్ట పట్టుకుంది.

"అత్తా, ఏది ఎవరి గుడ్డో తెలియకుండానే మా ఇంట్లోవాళ్లందర్నీ చెప్పేశావు! ఇది అచ్చం నాన్నే!"

నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉన్న చోట మేడమే పగలబడి నవ్వింది. అంతలోనే సుద్ద మీద వేలు పెట్టి చూసి ఆలోచనలో పడింది.

"తీసుకోవాలనే ఉందమ్మా. కానీ ఇక్కడి పుస్తకాలు అందరూ ముట్టుకుని చూస్తారు. నాలుగు చేతులు పడితే ఈ మాటలుండవు. అవి లేకపోతే ఇక నాకు ఈ పుస్తకం సగమే."

దర్జీ చెల్లెమ్మ కాలరుకి గుచ్చుకున్న సూదులు, సంచిలోంచి దారం ఉండలు తీసింది.

"సుద్దతో గీసేదెందుకు మేడమ్, దాని మీద కుట్టుకోడానికేగా! లైబ్రరీ మూసే లోపల అయిపోతుంది. రా కోడలా, కూర్చో."

చదువుకునే బల్ల మీద ఇద్దరూ కుట్టు మొదలెట్టారు. దారం ఎక్కించే పని నాకు పడింది. చివరి పేజీ వచ్చింది.

"నీకు ఏ రంగు దారం నాన్నా?"

"ఏదైనా సరే, గట్టిది చూడు. అదిగో, ఆ 'గుచ్చుకుంటుంది' అన్నది మాత్రం వదిలేయండి."

"కుదరదు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. బల్లకు అటువైపు నుంచి మేడమ్ కూడా.