గోడ మీద నా చెయ్యి

మా తమ్ముణ్ణి అందరూ మిడత అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు వాడికి మెట్లు దిగడమంటే దూకడమే, గడప దాటడమంటే ఎగరడమే. కుదురుగా నడవరా మిడతా అని నేను అరిచిన అరుపే చివరికి వాడి బనీను వెనక అచ్చయింది. నా నోరు మంచిది కాదని ఇంటా బయటా అంటారు గానీ, వాడికి పదిమందికీ తెలిసిన పేరిచ్చింది ఈ నోరే.

వాడి పిచ్చి బాస్కెట్‌బాల్‌లో డంక్. బంతిని కిందినుంచి విసరడం కాదు, పరుగెత్తుకొచ్చి ఎగిరి, ఇనప రింగు పైనుంచి చేత్తోనే లోపలికి కుక్కాలి. దానికే పోటీలు, దానికే జడ్జీలు. ఎంత ఎత్తు లేచావు, గాలిలో ఏం విన్యాసం చేశావు, అంతే లెక్క. వాడు పగలంతా గోదాములో పార్సెళ్ళు మోసి, సాయంత్రం ఆ ఆట నేర్పే మాస్టారి హాలుకు పోయేవాడు. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. నిలబడి నిలబడి నా కాళ్ళు వాచేవి, ఎగిరి ఎగిరి వాడి కాళ్ళు అరిగేవి. నొప్పుల నూనె సీసా కోసం ఇద్దరం కొట్టుకునేవాళ్ళం.

మోకాలిచిప్ప కింది నరం చీలడం మొదలైందనీ, ఇలాగే ఎగిరితే తెగుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మానేయమని తిట్టాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. వాడు దేనికీ లొంగలేదు. పెద్ద పోటీ ఒక్కటి మిగిలిందన్నాడు. అందులో మొదటివాడిగా వస్తే ఊరూరా ప్రదర్శనలిచ్చే జట్టులోకి తీసుకుంటారట. ఇక పార్సెళ్ళు మోయక్కర్లేదు, ఎగరడమే ఉద్యోగం. ఆ ఒక్కటీ అయ్యాక నువ్వు కూర్చోమంటే కూర్చుంటానన్నాడు. అంత బతిమాలుతుంటే ఏం చెయ్యను, నా ఖర్మ, సరేనన్నాను.

మాస్టారు చెడ్డవాడు కాదు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ హాలునే పట్టుకుని వేలాడే మనిషి. మిడత మోకాలి కోసమే సిమెంటు నేలంతా గట్టి రబ్బరు పట్టాలు పరిచి, కదలకుండా జిగురుతో అంటించాడు. అవి అరిగితే పీకడం కుదిరేది కాదు. అందుకని వాటి మీదే కొత్తవి వేశాడు. అవీ అరిగితే మళ్ళీ వాటి మీదే. ఇంకో నియమం కూడా పెట్టాడు. నొప్పి మోకాలిలో ఎగుర్లు కొన్నే మిగిలి ఉంటాయట, పొదుపుగా వాడుకోవాలట. ఆ పట్టాల మీద తప్ప ఇంకెక్కడా ఎగరకూడదు. పోటీ రోజున కూడా పేరు పిలిచేదాకా కాళ్ళు సాగదీసుకోవడమే, ఎగరడం లేదు. ఎగిరేవాళ్ళకి తలా ఒక చాదస్తం ఉంటుంది, వీళ్ళది ఇది.

హాలు గోడ మీద రంగు చేతుల అచ్చులుంటాయి. చేరిన రోజున నిలబడి చెయ్యి పైకి చాపమని, అరచేతికి రంగు పూసి అచ్చు వేయిస్తారు. తర్వాత ఎగిరి తాకిన చోటు దానికి ఎంత పైన ఉంటే అదే వాడి ఎగురు. ఎదిగినవాడి చెయ్యి ఇంక పెరగదు కాబట్టి ఆ అచ్చు ఒక్కసారే. వాణ్ణి చేర్పించిన రోజున మాస్టారు సరదాకి నా చేతికీ రంగు పూసి, వాడి చెయ్యి పక్కనే నాదీ వేయించాడు. అప్పటికి ఉత్త సిమెంటు నేలే.

పట్టాలు పడ్డాక వాడి ఎగురు పెరుగుతూ వచ్చింది. మోకాలికి ఊరట దొరికింది, కాళ్ళు విప్పుకుంటున్నాయని మాస్టారు మురిసిపోయాడు. ఒకనాడు మిడత గాలిలో బంతిని కాళ్ళ మధ్యనుంచి చెయ్యి మార్చి మరీ రింగులో కుక్కాడు. ఆ వీడియో నాకు చూపించి, నన్నెత్తి గిరగిరా తిప్పాడు. దింపరా వెధవా అని తిట్టాను గానీ, లోపల పొంగిపోయాను. గెలుస్తాడనే అనుకున్నాను.

పోటీకి నేనూ వెళ్ళాను. అక్కడ నున్నటి చెక్క నేల. మిగతావాళ్ళంతా ముందే ఎగిరి చూసుకుంటుంటే, మావాడు నియమం తప్పకుండా ఓ మూల కాళ్ళు సాగదీసుకుంటూ కూర్చున్నాడు. ఒక్కొక్కరికీ మూడు అవకాశాలు. పేరు పిలవగానే పరుగెత్తాడు, లేచాడు. బంతి రింగు అంచుకు కొట్టుకుని వెనక్కి పోయింది. రెండోసారీ అంతే. వాడు రింగుకేసి చూసి, ఎత్తు ఎక్కువ పెట్టారని గొడవకు దిగాడు. నిర్వాహకుడు నిచ్చెన తెప్పించి అందరి ముందూ కొలిచాడు. సరిగ్గానే ఉంది. జనం గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మాస్టారు వాడి భుజం పట్టుకుని, నీది భయంరా, భయం కాళ్ళను కట్టేస్తోంది, దాన్ని వదిలి ఎగురు అన్నాడు. మూడోసారి వాడు గెలవడానికి కాదు, భయం లేదని చూపించడానికి పరుగెత్తాడు. రింగు దాకా పోనేలేదు. నేల వదిలేటప్పుడే మోకాలి నరం తెగింది. ఆ చప్పుడు నా దాకా వినిపించింది.

ఆపరేషను అయింది. నడుస్తాడు, ఎగరడం మాత్రం మర్చిపొమ్మన్నారు.

వాడి బూట్లూ సంచీ తెద్దామని హాలుకు వెళ్ళాను. ఎవరూ లేరు. గోడ మీద వాడి చెయ్యి, పక్కన నా చెయ్యి. దుఃఖం ఆగలేదు. నా అచ్చు మీద చెయ్యి ఆనించుదామని చాపాను. నా వేళ్ళు దాన్ని దాటి పోయాయి. అరికాళ్ళు నేలకు ఆనించే నిలబడ్డాను, మునివేళ్ళ మీద కాదు. మళ్ళీ చాపాను. నా చెయ్యి నా అచ్చుకు బెత్తెడు పైన ఉంది. ఈ వయసులో నేనేమైనా ఎత్తు పెరిగానా? కిందికి చూశాను. గుమ్మం దగ్గర పట్టాల అంచు కనిపించింది, వరుస మీద వరుస, బెత్తెడు మందాన.

మా మిడత ఎగురు పెరగలేదు. నేల పెరిగింది. రింగు గోడకు ఎక్కడున్నది అక్కడే ఉంది.

అప్పుడే మాస్టారు వచ్చాడు. అరికాలి మంట నెత్తికెక్కి ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్ళి నా అచ్చు చూపించాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొలుచుకుంటే మీ సొమ్మేం పోయేదని అడిగాను. ఆయన గోడను చూశాడు, పట్టాలను చూశాడు, వాటి మీదే కూలబడ్డాడు.

"వాడికి చెప్పకమ్మా. భయపడి ఓడిపోయాననుకుంటే ఎప్పటికైనా మర్చిపోతాడు. అసలు ఆ ఎత్తు ఎన్నడూ ఎగరలేదని తెలిస్తే తట్టుకోలేడు."

మీరు చెప్పొచ్చారు అన్నాను. చెప్పి తీరాలనే ఇంటికి బయల్దేరాను.

వాడు కాలికి పట్టీతో మంచం మీద పడుకుని, ఫోనులో ఆ వీడియోనే చూస్తున్నాడు. నా చేతిలో బూట్లు చూసి పక్కకు పెట్టమన్నాడు. గొంతు సవరించుకున్నాను. వాడే ముందు అడిగాడు.

"అక్కా, హాల్లో నేను ఎగిరిందయితే నిజమే కదా?"

ఆ మొహం చూస్తే నా నోట మాట తిరగబడింది.

"నిజమేరా. కళ్ళారా చూశాంగా."

వాడు తలూపాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే మాస్టారన్నదే కరెక్టు. ఎగరగలిగీ ఎగరలేకపోయాను. పిరికివాణ్ణక్కా నేను. కాలు పోగొట్టుకున్నది కూడా నా పిరికితనం వల్లే."

కాదురా, నువ్వు పిరికివాడివి కాదు అని చెప్పాలి. ఎందుకు కాదో కూడా చెప్పాలి. చెబితే ఆ ఫోనులో ఉన్నది కూడా పోతుంది, వాడికి మిగిలింది అదొక్కటే. ఎంతటివాణ్ణయినా కడిగేసే నా నోరు ఆ పూట పెగల్లేదు. వాడు పక్కకు జరిగి నాకు చోటిచ్చి, వీడియో మళ్ళీ మొదటినుంచీ పెట్టాడు.

"చూడక్కా, ఎంత ఎత్తు లేచానో."

చూశాను. చాలా ఎత్తురా అన్నాను.