కోత లేకుండా ఐదు నిమిషాలు

ఉద్యోగాలు వదిలేసి డాన్సులోకి వచ్చినవాళ్ల మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. కాలేజీలో చివరి సంవత్సరం ప్రాజెక్టు. అందులో ముగ్గురున్నారు: ఒక పళ్ల డాక్టరుగారు, ఒక బస్సు డ్రైవరు, మా మేనత్త. మొదటి ఇద్దరితో ఏ ఇబ్బందీ లేకుండా పని అయిపోయింది. నా పరువు తీసింది మా అత్త భాగమే. తీసింది అత్త కాదులెండి, నేనే.

అత్త పంతొమ్మిదేళ్లు డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో, ఫొటోలు తీసే కౌంటర్లో కూర్చుంది. "గడ్డం కొంచెం ఎత్తండి, కళ్లు మూయకండి" అని రోజుకి రెండొందల సార్లు అనేది. ఆ ఉద్యోగం ఇప్పించింది మా నాన్న. అత్త మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్నే లేచి మేడ మీద గదిలో డాన్స్ చేసుకుని, తలస్నానం చేసి, ఆఫీసుకి పరుగెత్తేది. నలభై రెండు నిండగానే జీతం లేని సెలవు ఏడాది పెట్టి, రోజంతా డాన్స్ మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి నాన్న అత్తతో నీళ్ల మోటారు గురించి మాట్లాడేవాడు, కరెంటు బిల్లు గురించి మాట్లాడేవాడు, డాన్స్ మాట రాగానే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు.

సెలవు అయిపోవచ్చింది. ఒకటో తారీఖున కౌంటర్లో కూర్చోవాలి, లేదంటే రాజీనామా ఇవ్వాలి. అత్త ఆశలన్నీ ఒక డాన్స్ బృందం మీదున్నాయి. వాళ్లు నలభై దాటినవాళ్లనే తీసుకుంటారు. వాళ్లకి వీడియో పంపాలి: ఐదు నిమిషాలు, ఎక్కడా కోత లేకుండా ఒకే షాట్‌గా, సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపు.

"నీ సినిమాలో నేను కనబడతా, నా వీడియో నువ్వు తియ్యి" అంది అత్త. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

శనివారం కాలేజీ హాలు దొరికింది. కెమెరా పట్టుకోవాల్సిన నా క్లాస్‌మేట్ ఫోకస్ పెట్టడానికే అరగంట తినేస్తున్నాడని, "నువ్వు ఇంటికెళ్లు, నేనే తీసుకుంటా" అని పంపేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను. ఇక మిగిలింది సౌండ్ చూసే అమ్మాయి. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, అందరం దాన్ని గుసగుస అనే పిలుస్తాం. సామాను కారులో తెచ్చాడు కాబట్టి నాన్న కూడా ఉన్నాడు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, మొహానికి అడ్డంగా పేపరు పెట్టుకున్నాడు.

అత్త ఆరుసార్లు చేసింది. ఐదుసార్లు ఎక్కడో ఒకచోట తనకే నచ్చక "ఇంకోసారి" అంది. ఆరోసారి మాత్రం, నిజం చెబుతున్నా, నాకు ఒళ్లు జలదరించింది. చేసింది మా అత్తేనా అనిపించింది. అయ్యాక నేల మీద కూలబడి, కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకుని నవ్వింది. మోకాలు అప్పటికే వాచిపోయింది.

"ఇదే పంపు. ఇంక చెయ్యమన్నా చెయ్యలేను" అంది.

సాయంత్రం గుసగుసతో కలిసి ఎడిటింగ్ గదిలో కూర్చుని మొదటి క్లిప్ పెట్టాను. అత్త జుట్టు ముడేసుకుంటోంది. నా గొంతు "రెడీ, స్టార్ట్!" అంది. క్లిప్ అయిపోయింది. రెండోదాంట్లో అత్త ఆయాసపడుతూ నీళ్లు తాగుతోంది, గోడకి ఆనుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. "రెడీ, స్టార్ట్!" అదీ అయిపోయింది. మొత్తం ఏడు క్లిప్పులు. ఒక్కదాంట్లోనూ డాన్స్ లేదు.

ఆ కెమెరాకి ఒకటే బటన్. నొక్కితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. షూటింగ్‌కి ముందు సామాను సర్దేటప్పుడు ఊరికే ఒకసారి నొక్కి చూసి మర్చిపోయాను. అక్కణ్నుంచి అంతా తలకిందులు. నేను మొదలెట్టాననుకున్న ప్రతిసారీ అది ఆగింది, ఆపాననుకున్న ప్రతిసారీ నడిచింది. ఎర్ర లైటు చూసుకోవాలని మొదటి సంవత్సరం మొదటి వారంలోనే చెబుతారు. ఇంటికి పంపేసినవాడు ఉంటే చూసేవాడు. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

"సౌండ్ ఉంది" అంది గుసగుస. "నేను రికార్డర్ ఆపనేలేదు."

"సౌండ్ నెత్తిన పెట్టుకోనా? మా అత్త పంపేది రేడియో నాటకమా?" అని అరిచాను.

పాపం అది హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకి పెట్టింది.

పాట వినబడింది. అత్త అడుగులు వినబడ్డాయి. వాటికంటే దగ్గరగా ఒక మగగొంతు. గుసగుస రికార్డర్‌ని నాన్న కుర్చీ పక్కనే పెట్టింది. "ఆరు, ఏడు, ఎనిమిది... ఇప్పుడు తిరుగు. మెల్లగా, మోకాలు జాగ్రత్త. ఆఁ, అదీ. ఒకటి, రెండు..." ఆరుసార్లూ, మొదటినుంచి చివరిదాకా, పేపరు వెనకాల నుంచి. మా నాన్నకి ఆ డాన్స్ అంతా కంఠతా వచ్చు!

ఇంటికెళ్లేసరికి అత్త సోఫాలో కాలు చాపుకుని కూర్చుంది, నాన్న కిటికీ దగ్గర నిలబడ్డాడు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి, "నన్ను తిట్టత్తా" అన్నాను.

అత్త మోకాలు నిమురుకుంటూ, "పంతొమ్మిదేళ్లలో ఎంతమందికి కళ్లు మూసుకున్న ఫొటోలు తీసి లైసెన్సులు ఇప్పించానో. వాళ్ల ఉసురే తగిలుంటుంది" అంది. నవ్వబోయింది గానీ కళ్లు నిండిపోయాయి. "పోన్లే. ఒకటో తారీఖున ఆఫీసుకి వెళ్లిపోతా."

అది విని తట్టుకోలేకపోయాను. ఫోన్లోకి తెచ్చుకున్న సౌండ్ పెట్టేశాను. గది నిండా నాన్న గొంతు. అత్త తల తిప్పి అన్నయ్య వైపు చూసింది. నాన్న అత్త వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు.

"రేపు ఎన్నింటికి తీస్తావు?" అన్నాడు.

ఆదివారం కాలేజీ ఉండదు. సోఫా, బల్ల, టీవీ, పుస్తకాల బీరువా, అన్నీ నాన్నా నేనూ వరండాలోకి మోశాం. ముందుగది ఇంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. అత్త మోకాలికి గట్టిగా కట్టు కట్టుకుని వచ్చి, "ఒక్కసారే చేస్తా. పాట వద్దు" అంది.

"పాట లేకుండా ఎలాగత్తా?"

"పాట నా మోకాలి కోసం ఆగదు. అన్నయ్య ఆగుతాడు."

నాన్న కెమెరా పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "లైటు వెలుగుతోందా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చూసి చెప్పాను, విసుక్కోకుండా. అది నాకు కొత్తే.

మూడో నిమిషం దాకా అన్నీ బాగానే జరిగాయి. అక్కడ నేల మీద నుంచి కుడికాలి మీద లేవాలి. నాన్న "ఐదు" అన్నాడు. అత్త లేవలేదు. అయిపోయింది అనుకున్నాను. నాన్న మళ్లీ "ఐదు" అన్నాడు, అదే గొంతుతో, తొందరేమీ లేనట్టు. మళ్లీ "ఐదు." అత్త అలాగే తల వంచుకుని ఉంది. "ఐదు" అన్నాడు మళ్లీ. అత్త అరచెయ్యి నేలకి ఆనించి, ఒక్కో అంగుళం లేచి నిలబడింది.

"ఆరు" అన్నాడు నాన్న.

సోమవారం పదకొండు గంటలకి ఆ వీడియోనే పంపాం, నాలుగు ఐదులతో సహా. పనికిరావనుకున్న ఏడు క్లిప్పులు నా సినిమాలోకి వెళ్లాయి. ఇప్పుడు చూసుకుంటే, వేళ్ల మీద లెక్కపెట్టుకునే అత్తని మించిన షాట్ నేను కావాలని ఒక్కటీ తియ్యలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఎనిమిదో రోజు జవాబొచ్చింది. తీసుకున్నారు. అత్త ఫోన్లో దాన్ని మూడుసార్లు చదివి, నాకు చూపించి, నాన్న దగ్గరికి వెళ్లింది. నాన్న కూడా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"నువ్వు బాగా చేస్తావని నాకెప్పుడో తెలుసమ్మా" అన్నాడు. "చెబితే ఉద్యోగం మానేస్తావని భయపడి చెప్పలేదు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పద్నాలుగేళ్లవుతుంది. పొద్దున్నే మేడ మెట్ల మీద నిలబడి చూసేవాణ్ని."

"పద్నాలుగేళ్లా! ఒక్కమాట చెబితే ఏం పోయేదన్నయ్యా?"

"నీ ఉద్యోగం పోయేది."

"పోయేదేగా!" అంది అత్త. ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలిసినట్టు లేదు. "మోకాళ్లు బాగున్నప్పుడే పోయేది."

నాన్న తల దించుకున్నాడు. "తప్పు నాదే" అన్నాడు. మా నాన్న నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు.

అత్త ఆయన పక్కన కూర్చుంది. "సరేలే. ఇంకోసారి చెప్పు."

"తప్పు నాదేనమ్మా."

"అది కాదు. అన్నిటికన్నా ముందన్నది."

నాన్న చెప్పాడు. అత్త మూడుసార్లు చెప్పించుకుంది.