నల్ల స్పాంజి

ఆసుపత్రి కింది అంతస్తులో, ఆపరేషన్ కత్తెర్లూ పళ్ళేలూ కడిగి ఆవిరి పెట్టెలో పెట్టే గదిలో మరదలి ఉద్యోగం. పొద్దున వెళ్తే సాయంత్రానికి కాళ్ళు తనవి కావు. చేతులు నాని నాని ముడతలు పడిపోయి, ఎవరైనా పలకరిస్తే నవ్వే ఓపిక కూడా మిగిలేది కాదు. అసలే అలా ఉంటే, గోరుచుట్టు మీద రోకటిపోటులా మొగుడి అక్క వచ్చి ఇంట్లో చేరింది.

భర్త పోయాక వదిన అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఒక పెట్టె, ఒక బకెట్టు పట్టుకుని వచ్చింది. బకెట్టులో అరచేతంతేసి బంగారు చేపలు రెండు. వాటితోపాటు ఒక డబ్బాలో నీళ్ళు, ఆ నీళ్ళలో నల్లగా, జిడ్డుగా, చచ్చిన ఎలకలా ఒక స్పాంజి. పాత తొట్టి ఫిల్టర్‌లోదట. చూడగానే దాన్ని తీసి చెత్తబుట్టలో పడేయాలనిపించింది మరదలికి. పైకేమీ అనలేదనుకోండి. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా?

వచ్చిన రోజే వదిన తమ్ముడితో తేల్చి చెప్పేసింది. వృద్ధాశ్రమంలో తన స్నేహితురాలి పక్క గది ఖాళీగా ఉందట. అక్కడ చేపల్ని రానివ్వరు కాబట్టి ఇక్కడే వాటికో తొట్టి అమర్చి, అవి నిలదొక్కుకోగానే తను వెళ్ళిపోతుందట. తమ్ముడు తల ఊపాడు. ఆయనకి ఊపడం బాగా వచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని గొణుక్కుంటూనే మరదలు ఆ పని నెత్తినేసుకుంది. తొట్టి ఎంత తొందరగా కుదిరితే ఇల్లు అంత తొందరగా తనదవుతుంది మరి. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడ్డా ఆ ఆలోచన పోలేదు.

వంటింటి గోడ పక్క బల్లమీద గాజు తొట్టి పెట్టారు. ఇసక కడగడంలో మరదలికి తిరుగులేదు, నీళ్ళు తేటగా వచ్చేదాకా వదల్లేదు. తనే దుకాణంలో ఏరి తెచ్చిన సన్నాకు నీటిమొక్కల్ని వరసగా ఇసకలో నాటింది. నడుం విరిగిపోతున్నా, బాగుందే అనుకుని పడుకుంది. తెల్లారి చూస్తే ఒక్క మొక్క నిలబడి ఉంటే ఒట్టు. చేపలు రెండూ మూతులతో ఇసకంతా తవ్విపోసి, వేళ్ళతో సహా పీకి నీళ్ళమీద తేల్చాయి. ఆ ఇంటికి వచ్చాక వదిన మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఇవి చేపలు కావు, దున్నపోతులు, వీటికి మెత్తటి మొక్కలు పనికిరావని వదిన చెప్పింది. మందపాటి ఆకులున్న మొక్కలు తెప్పించి, వాటిని నల్లదారంతో రాళ్ళకి కట్టడం నేర్పింది. మరదలు ముడిమీద వేలు నొక్కి పట్టుకుంటే వదిన బిగించేది. దారం చుడుతూ, పోయినాయన ఈ చేపలతో ఆఫీసు కబుర్లన్నీ చెప్పేవాడని, తనకి మాత్రం ఒక్కటీ చెప్పేవాడు కాదని చెప్పుకొచ్చింది. ఆ నల్ల స్పాంజిని కొత్త ఫిల్టర్‌లో ఆవిడే స్వయంగా అమర్చింది.

అప్పట్నుంచి మరదలు పని నుంచి వచ్చేసరికి తలుపు దగ్గర ఉప్పు వేసిన వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి. కాళ్ళు అందులో పెట్టి ఇద్దరూ చేపల్ని చూస్తూ కూర్చునేవాళ్ళు. ఆ ఇంట్లో ఆమె కాళ్ళ సంగతి అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. ఉండిపొమ్మనాలని నోటిదాకా వచ్చేది. పంపించేద్దామనే కదా మొదలుపెట్టింది, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగడం?

సెలవురోజు అక్కాతమ్ముళ్ళు ఆశ్రమం గది చూడ్డానికి వెళ్ళారు. ఒంటరిగా ఉన్న మరదలికి ఏడుపొచ్చింది. నోటితో అడగలేకపోతే చేత్తో అయినా ఒక మంచిపని చేద్దామనుకుంది. ఫిల్టర్ విప్పి ఆ స్పాంజిని కుళాయి కింద పిండింది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేసింది, ఆసుపత్రిలో చేసినట్టే. కంటికి కనబడని పురుగు కూడా చావాలన్నది వాళ్ళ గదిలో నియమం. స్పాంజి తెల్లగా బయటికొచ్చింది. దాన్ని చూసుకుని మురిసిపోయి, యథాస్థానంలో పెట్టేసింది.

తర్వాత రెండ్రోజులకే చేపలు నీళ్ళపైకి వచ్చి మూతులు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. వదిన ఫిల్టర్ విప్పింది. తెల్లటి స్పాంజిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఉడకబెట్టావా?"

మరదలు తలొంచుకుంది.

"ఆ మురికే వాటికి ప్రాణం, అమ్మాయ్. చేపల పెంట నీళ్ళలో విషం కాకుండా తినేసే పురుగులుంటాయి అందులో. మీ అన్నయ్య తొట్టినీళ్ళలోనే మెల్లగా పిండేవాడు. దాన్ని కుళాయి దగ్గరికి నన్ను తీసుకెళ్ళనిచ్చేవాడు కాదు. ఈ చేపలు కాక ఆయన పెంచిందంటూ మిగిలింది ఇదొక్కటే."

మరదలికి నేల చీలిపోతే బాగుండుననిపించింది. వదిన కళ్ళు తుడుచుకుని బకెట్టు తెమ్మంది. కుళాయి నీళ్ళలో కలిపే మందు వాసన పోవాలని ముందురోజే పట్టి ఉంచిన నీళ్ళున్నాయి. తొట్టిలో సగం తోడిపోసి, ఆ నీళ్ళు నింపారు. మళ్ళీ తోడారు, మళ్ళీ నింపారు. చెంబు పట్టుకోను కూడా శక్తి లేనంత అలిసిపోయాక, చేపలు మెల్లగా కిందికి దిగి మొక్కల నీడలోకి వెళ్ళాయి.

వదిన తమ్ముణ్ణి పిలిచి, ఆ గది ఎవరికైనా ఇచ్చుకోమని ఆశ్రమానికి ఫోన్ చెయ్యమంది. ఆయన అలవాటుగా తల ఊపాడు.

"స్పాంజికి కొత్త మురికి పట్టేదాకా రోజూ నీళ్ళు మార్చాలి," అంది మరదలితో. "పొద్దస్తమానం అక్కడ నిలబడి వచ్చి, ఆ కాళ్ళతో నువ్వేం మోస్తావ్?"

మరదలు తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, బెరుగ్గా అడిగింది. "పట్టాక వెళ్ళిపోతారా వదినా?"

"నువ్వున్న ఇంట్లోనా? ఇప్పట్లో పడుతుందా ఏంటి మురికి," అని వదిన ఖాళీ బకెట్టు ఆమె చేతిలోంచి తీసుకుంది.