మునెమ్మ కట్టుకోబోయే చీర

"మీరేం కట్టుకుంటా ఉండారొదినా?" అని రూతమ్మ అడిగినప్పుడు మునెమ్మ చేతుల్లో చీర సగం మడతలో ఉంది.

రూతమ్మ కాబోయే వియ్యపురాలు. సత్యవేడులో టీచరుగా చేసి రిటైరైన మనిషి. కొడుకు దయానంద్ పెండ్లికి బట్టలు తీయాలని తిరుపతికి వచ్చి, కోడలి తల్లి పనిచేసే అంగడికే వచ్చింది. ఆమె పరుపు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, అమ్మకాలు చూసే గిరి చీరల మీద చీరలు విప్పి పరుస్తున్నాడు. మునెమ్మ అంగడి వాళ్ళిచ్చిన యూనిఫారం చీరలో అతని వెనక నిలబడి, వద్దన్నవాటిని మడుస్తోంది. పదకొండేళ్ళుగా ఆమె పని అదే. ఒకరు విప్పుతారు, ఇంకొకరు మడుస్తారు. విప్పేవాడికి పేరుంటుంది, కమీషనుంటుంది. మడిచే ఆడవాళ్ళను మాత్రం గోడకున్న అరల్లాగే చూస్తారు వచ్చేవాళ్ళు.

"ఏదో ఒకటి కడతాలే ఒదినా" అని నవ్వింది మునెమ్మ. కానీ చేతిలోని చీర అంచుకు అంచు కుదరలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

గిరికి ఆ రోజు తికమకగా ఉంది. పెండ్లికూతురికి తెల్లచీర అడిగితే తానేదో పొరపాటు విన్నాననుకుని, పెద్దామెకా మేడం అని రెండుసార్లు అడిగాడు. "నాకైతే ఆ చిలకపచ్చది తియ్యి నాయనా. తెల్లది కోడలికే. మా ఏసయ్య గుళ్ళో పెండ్లికూతుర్లు కట్టేది తెల్లదే" అంది రూతమ్మ. మునెమ్మ లాగే ఆమెకూ మగడు లేడు, పోయి ఆరేళ్ళయింది. అయినా చిలకపచ్చ చీరను భుజం మీద వేసుకుని, ఇంతే కదా అన్నట్టు చూసుకుంది. ఆమె నొసలు మొదటినుంచీ బోసిగానే ఉండేది. మగడు పోయిననాడు తుడవడానికి ఎవరికీ ఏమీ దొరికి ఉండదు అనుకుంది మునెమ్మ. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

వెళ్ళబోతూ రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ పాప మీ చెయ్యి పట్టుకోనే గుళ్ళోకి వస్తానంటా ఉండాది. తండ్రి లేకపోతే తల్లే తోడుకొస్తాది మాలో, తప్పేం లేదు. ఆ పొద్దు అందరూ లేసి నిలబడి మీ ఇద్దర్నే చూస్తారు. అందుకే అడిగినా."

అందరూ లేచి నిలబడి. ఆ మాటనే మునెమ్మ మళ్ళీ మళ్ళీ తలచుకుంది. మగడు గోవిందు పోయాక ఈ తొమ్మిదేళ్ళలో ఎన్ని పెండ్లిండ్లకు పోలేదు! పోయిన ప్రతిచోటా ఆమె ఉండేది సామాన్లు పెట్టే గదిలోనే. పొమ్మని ఎవరూ అనలేదు. నీకంటే నమ్మకస్తులెవరుండారు అని ప్రేమగానే గది తాళంచెవి చేతిలో పెట్టేవాళ్ళు. బ్యాగుల మధ్య, నిద్రపోయే పసిపిల్లల మధ్య కూర్చుని గోడవతల మోగే మేళాన్నిబట్టి తాళి కట్టేశారని తెలుసుకునేది. భోజనం ఎవరో ఒకరు ఆకులో తెచ్చి ఇచ్చేవాళ్ళు, కొన్నిచోట్ల మరిచిపోయేవాళ్ళు. ఆ గదికి ఏ చీరైనా సరిపోయేది. ఇప్పుడు గుడి వాకిలి నుంచి పెండ్లి చేసే పాస్టరు అయ్యగారి ముందుదాకా, కుడివైపు నూరుమంది, ఎడమవైపు నూరుమంది లేచి చూస్తుంటే నడవాలి.

ఆదివారం గోవిందు తమ్ముడు మునిచంద్ర చిత్తూరు నుంచి వచ్చాడు. కాఫీ తాగుతూ, చర్చి పెండ్లికి ఒప్పుకోవడమే ఎక్కువ అన్నాడు. అన్న ఉండి ఉంటే ఇట్లా జరిగేదా అన్నాడు. తరువాత అసలు సంగతికి వచ్చాడు.

"పిల్లను నేను నడిపిస్తా ఒదినా. నువ్వు ముందర పోతే బాగుండదు. ఒకరేమో తెల్లచీర, ఇంకొకరేమో బోసి నొసలు. చూసేవాళ్ళు దాన్ని పెండ్లంటారా?"

మునెమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. "నలుగుర్లో ఒకదానివై కూర్చో. ఏదో ఒకటి కట్టుకో, నిన్నెవరు చూస్తారు" అన్నాడు. ఆమె నోటినుంచి "సరేప్పా" అని వచ్చేసింది. అది ఆమె మాట కాదు, ముప్పై ఏళ్ళ అలవాటు. గ్లాసు కడుగుతూ, తనను అడగకుండానే తన నోరు ఎంత తొందరపడిందో తలచుకుని తనమీద తనకే కోపం వచ్చింది.

కూతురు రూపశ్రీ రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్లు చేసే ఫ్యాక్టరీలో ఉంటుంది, హాస్టలు నుంచే ఫోను చేస్తుంది. ఏం కట్టుకోనే అని తల్లి అడిగితే "నీకు ఏదైనా బాగుంటాది మా. నువ్వు నా పక్కన నడిస్తే చాలు" అంది. ఎంతో ప్రేమగా అంది. ఫోను పెట్టేశాక మునెమ్మ చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయింది. మరిది కసిరి చెప్పిన మాట, బిడ్డ ముద్దుగా చెప్పిన మాట ఒకటే. ఏదైనా. రూతమ్మ ఒక్కతే అడిగింది, ఆమేమో పరాయిది.

పెట్టె తెరిచి చీరలన్నీ మంచం మీద పరిచింది. యూనిఫారాలు పక్కన పెడితే మిగిలినవి తొమ్మిది. అన్నీ గోవిందు పదో దినం నాడు వచ్చినవే. పుట్టింటివాళ్ళు, అయినవాళ్ళు ఒక్కొక్కరూ కొత్త చీర తెచ్చి, బొట్టు తుడిచిన ఆడదాని మీద కప్పి, ఏడ్చి పోతారు. గంధం రంగుది అన్న తిరుమలయ్య తెచ్చాడు. బూడిద రంగుది మేనత్త. మట్టి రంగువి మూడు, తెచ్చినవాళ్ళు ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒకటే అంగడిలో తీసినట్టున్నారు. మంచి చీరలే. ఆమెకు చీర నాణ్యం చేతికే తెలుస్తుంది. కానీ దేన్ని ముట్టుకున్నా ఆ రోజు తన భుజాల మీద పడిన బరువే గుర్తొచ్చింది. వీటిలో ఒకటి చుట్టుకుని బిడ్డను పెండ్లికి తోడుకుపోవాలా?

అంతకుముందు చీరలు మాత్రం? పెండ్లికి నాయన తీశాడు, నేత బాగుందని. తరువాత గోవిందు లారీ దిగి వచ్చేటప్పుడు కాగితం పొట్లంలో తెచ్చేవాడు, మాసినా కనపడని రంగు తెచ్చినా అనేవాడు. ఒకసారి కనకాంబరం రంగుది ఎదురింటామె కడితే చూసి బాగుందంది. నీ ఒంటిరంగుకు అది కట్టుకుంటే నవ్వుతారు అన్నాడతను, నవ్వుతూనే. అత్త సుబ్బులమ్మ, తిరణాలకు కాస్త జరీ ఉన్న చీర కట్టినందుకు, ఎవరికి చూపించేదానికి అని అడిగింది. ఆ చీరను మునెమ్మ మళ్ళీ కట్టలేదు. పనికి చేరాక అంగడివాళ్ళే రంగు నిర్ణయించారు. రోజుకు కొన్ని వందల చీరలు ఈ చేతుల మీదుగా పోతాయి. ఎవరికేది నప్పుతుందో వాళ్ళు మెట్లెక్కి వస్తుంటేనే చెప్పగలదు. తనకు ఏ రంగు ఇష్టమో మాత్రం తెలియదు. యాభైమూడేళ్ళు వచ్చాయి. ఇంత చిన్న సంగతి తెలియదని ఎవరితో చెప్పుకోవడం?

మంగళవారం సెలవు పెట్టి, అంగడి తెరిచిన గంటకు మెట్లెక్కింది. వాచ్‌మన్ స్టాఫు దారి చూపించాడు. ఆమె కొనేవాళ్ళ వాకిలి దగ్గరే చెప్పులు విడిచింది. పై అంతస్తులో గిరి ఆమెను చూసి ఈపొద్దు లీవు కదక్కా అన్నాడు. చీర కొనను వచ్చినా అని పరుపు మీద కూర్చుంది. పదకొండేళ్ళలో ఆ పరుపు అంత మెత్తనని ఆమెకు తెలియదు. పనిచేసే వేళ స్టాఫు ఎక్కడా కూర్చోకూడదు, అది రూలు. ఫ్లోరు చూసే ధనంజయ గబగబా వచ్చాడు.

"ఏమి మునెమ్మా, ఈడ కూర్చున్నావు?"

"బేరానికి వచ్చినా సార్" అంది. ఆయన ఆమె ఒంటి మీద యూనిఫారం లేదని చూసుకుని వెళ్ళిపోయాడు.

గిరి ఎవరికి అని అడిగాడు. నాకే అంది. అతను అలవాటుగా పెద్దవాళ్ళ అర నుంచి తీశాడు. బూడిద, గంధం, మట్టి. వాటిని చూడగానే ఆమె తల అడ్డంగా ఊపింది. తరువాత పచ్చవి, వంకాయవి, నేరేడువి వచ్చాయి. ముందు పడిన చీరను ఆమె చేతులు వాటంతట అవే మడవబోతే, వెనక నిలబడిన దేవకమ్మ వంగి లాక్కుంది. "విడువక్కా. ఈపొద్దు అది నా పని. ఊరికే విప్పించేవాళ్ళ మింద మనకు వచ్చినట్టు, నాక్కూడా నీ మింద కోపం రానీ" అంది.

గిరి ఒక నీలం చీర ఆమె భుజం మీద పరిచి అద్దం ముందుకు జరిపాడు. ఇన్నేళ్ళు వెనక నిలబడి మునెమ్మ ఒకటి గమనించింది. చీర కొనను వచ్చిన ఆడవాళ్ళు అద్దంలోకి చూడరు. పక్కనున్న వాళ్ళ మొహాల్లోకి చూస్తారు. అమ్మ మొహం, అత్త మొహం, మగడి మొహం. అక్కడ బాగుందని కనిపిస్తేనే వాళ్ళకు బాగుంటుంది. ఆమె పక్కన ఎవరూ లేరు. కుడివైపు పరుపు ఖాళీ, ఎడమవైపు ఖాళీ. ఇక వేరే చోటు లేక అద్దంలోకే చూసింది. నల్లటి మనిషి, చెంపల దగ్గర నెరిసిన జుట్టు, బోసి నొసలు, తనవే అయిన కండ్లు. ఆ కండ్లు ఎవర్నీ అడగకుండా నీలం చీరను చూస్తున్నాయి.

అప్పుడే ఫోను మోగింది. మునిచంద్ర. పట్టు చొక్కా కుట్టడానికి ఇచ్చాననీ, పిల్లను కారు దగ్గరినుంచే తోడుకురావాలా, వాకిలి నుంచా అనీ అడుగుతున్నాడు.

"నువ్వు తోడుకురావద్దు మునిచంద్రా" అంది ఆమె. "నా బిడ్డను నేనే తోడుకుపోతా."

చూసేవాళ్ళేమనుకుంటారొదినా అన్నాడు అతను.

"చూడనీప్పా. చూసేదానికే కదా లేసి నిలబడేది."

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. గిరి విననట్టు నీలం చీర కుచ్చిళ్ళు సర్దుతూ, ఇది ఖాయం చేద్దామాక్కా, మీకు చాలా బాగుండాది అన్నాడు. ఆ మాట రోజుకు నూరుమందికి చెబుతాడని ఆమెకు తెలుసు.

"లేదు. ఇది నాకు నచ్చలా."

"మరి మీకేం రంగు ఇష్టమక్కా?"

"తెలీదబ్బా" అంది మునెమ్మ, భుజం మీది చీర తీసి దేవకమ్మకు ఇస్తూ. "కనుక్కోవల్ల. ఇంకా తియ్యి."