కూడలికి తిరిగిన గుమ్మం

విశ్రాంత టీచర్ల సంఘం ఏటా జూలైలో లియాన్ నుంచి ఏదో ఒక పాత ఊరికి బస్సు వేస్తుంది. ఈసారి రోష్‌బ్రూన్ అనగానే లుసెట్ అందరికంటే ముందు పేరు రాయించింది. అది తను పుట్టిన ఊరని, అక్కడున్న అక్క ఒదీల్ తనతో పన్నెండేళ్లుగా మాట్లాడడం లేదని ఎవరికీ చెప్పలేదు. పలకరించే ధైర్యం ఎలాగూ లేదు. దూరం నుంచి ఇల్లయినా చూసి వద్దామనుకుంది.

రోష్‌బ్రూన్‌లో ఇళ్లు సూర్యుడితోపాటు తిరుగుతాయి. పొద్దున తూర్పున ఉన్న గుమ్మం సాయంత్రానికి పడమటికి చేరుతుంది. పోస్ట్‌మన్ టైము చూసుకునే సందులో అడుగుపెడతాడు. చర్చి ఒక్కటే కదలదు, దానికి అంత అవసరమూ లేదు. అందుకే సంఘం కార్యదర్శి మోరో గారు బస్సు దిగగానే, ఇళ్ల గుర్తులు పెట్టుకోవద్దని, ఐదింటికి చర్చి దగ్గరికి రమ్మని గట్టిగా చెప్పాడు.

ఒదీల్ ఇంటి గుమ్మం సరిగ్గా పన్నెండింటికి కూడలికేసి ఉంటుందని లుసెట్‌కి చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకని రెండు కావస్తుండగా, ఈపాటికి అది పక్కకి తిరిగిపోయి ఉంటుందన్న ధీమాతో కూడలిలో బెంచీ మీద కూర్చుని రొట్టె పొట్లం విప్పింది. వేసవిలో గడియారాలు సూర్యుడికంటే రెండు గంటలు ముందుంటున్నది ఆమె ఊరు వదిలాకే. ఆ సంగతి ప్రభుత్వం ఇళ్లకు చెప్పలేదు.

ఎదురుగా గోడ మెల్లగా జరిగింది. నీలం కిటికీ పోయి ద్రాక్షతీగ వచ్చింది. ఆ వెనకే గుమ్మం, గుమ్మంలో పీటేసుకుని జామ్ కోసం ఆప్రికాట్ల గింజలు తీస్తూ ఒదీల్. లుసెట్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది.

"ముందు అది మింగు," అంది ఒదీల్. "అమ్మ అంత్యక్రియల నాడు ఊరందరి ముందూ రెండు చెంపముద్దులు పెట్టి మొహం తిప్పేసుకున్నావు. ఇక్కడ పలకరింపుకి మూడు, ఆ మూడోది పరాయివాళ్లకి కూడా ఎగ్గొట్టరు. నేను చెంప చాపుకుని అలాగే నిలబడ్డాను."

"లియాన్‌లో రెండేనక్కా. ముప్పై ఏళ్ల అలవాటు. రైలెక్కాక గానీ తట్టలేదు. ఆ తర్వాత సిగ్గేసి ఫోన్ చెయ్యలేకపోయాను."

"పన్నెండేళ్లు సిగ్గుపడ్డావా?"

"నువ్వు పన్నెండేళ్లు అలగలేదూ?"

ఒదీల్ మూతి బిగించుకుంది, కానీ నవ్వు ఆగలేదు. గుమ్మం ఇక్కడే ఉండదు, వచ్చేదైతే ఇప్పుడే రమ్మంది. లుసెట్ వెళ్లింది.

మేకపాల జున్ను, కాఫీ, అమ్మ కబుర్లు. ఇద్దరూ కాస్త ఏడ్చారు కూడా. ఇంతలో బస్సు హారన్ వినిపించింది. లుసెట్ గబగబా తలుపు తీస్తే కూడలి లేదు, ఆప్రికాట్ తోట ఉంది.

"రేపు రెండింటికి మళ్లీ కూడలికొస్తుందిలే. అప్పుడెళ్దువుగాని," అంది ఒదీల్ వెనకనుంచి, మరీ అంత పట్టనట్టు.

లుసెట్ మోరో గారికి ఫోన్ చేసి, గుమ్మం తోటకేసి తిరిగిపోయింది, రాలేనని చెప్పింది. ఊరి సంగతి తెలిసినవాడు కనుక ఆయన సరేనన్నాడు.

ఇంటి చుట్టూ ఇరవై అడుగులు వేస్తే కూడలి. అది అక్కాచెల్లెళ్లిద్దరికీ తెలుసు. లుసెట్ తలుపు దగ్గరగా వేసి, బూట్లు విప్పింది.